నాయన ముఖం మీది సింహం

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా నాయన ముక్కు పక్కన గీరుకున్నాడు. వేళ అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. మిర్యాలగూడలో బడిపంతులుగా చేరిన మొదటి ఏడాది నేనొక టైంపీసు కొన్నాను. వేసవి సెలవులకు కోదాడలో మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చి, రోజూ పొద్దున ఒకే వేళకు తాళం తిప్పేవాణ్ణి. పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి అది.

నాయన దర్జీ. దారాలు తెంపే చిన్న కత్తెరతోనే మీసం సరిచేసుకునేవాడు. ఆ పొద్దున కత్తెర మొన తగిలి ముక్కు అంచున గాటు పడింది. ఒక చుక్క నెత్తురు వచ్చింది. మిషను మీదున్న గుడ్డపేలికతో తుడుచుకుని పనిలో కూర్చున్నాడు. గాటు పడింది కుడివైపు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కంట్లో పువ్వు పడడం వల్ల ఆయనకు ఆ కంటితో వెలుతురు తప్ప మరేమీ కనబడదు. సూదిలో దారం ఎక్కించేది కుడి కంటితోనే.

మా మేనత్త పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరు ఆమె చెయ్యి దేవత చెయ్యి అన్నారు. ఇంకొకరు, పాపం, ఆ కాలపు మూఢనమ్మకాల మనిషి అన్నారు. రెండు మాటలూ నాకు సరిపడలేదు. అందుకని ఆ వేసవిలో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అత్త నాయనకు అక్క. ఆమెను పెన్‌పహాడ్‌లో ఇచ్చారు. భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. అప్పటికే మా అమ్మ లేదు. నన్ను పెంచింది అత్తే. తన అత్తగారి దగ్గర నేర్చుకున్న విద్య ఒకటి ఆమె వెంట వచ్చింది. సర్పి లేచినవాళ్లకు జాజుతో సింహం వేయడం. సర్పి అంటే ఒంటికి ఒకవైపునే మంటతో ఎర్రబడి, నువ్వుల్లాంటి పొక్కులు వరసగా లేచే జబ్బు. జాజు గడపలకు పూసే ఎర్రమట్టి. దాన్ని సాన మీద నీళ్లతో నూరి, వేపపుల్ల కొసతో పొక్కుల చుట్టూ సింహాన్ని గీసి, లోపలంతా నిండుగా పూసేది. మూడు రోజులు నీళ్లు తగలకూడదు. సర్పి పాములాంటిది, సింహం దాన్ని తినేస్తుంది అని చెప్పుకునేవారు. పాముకూ సింహానికీ పగ ఏమిటని ఒకసారి అడిగాను.

"గదేదో నీ బడి పుస్తకంలనే సూడు. మా అత్త గియ్యమన్నది, గీస్తున్న" అంది.

సర్పి చాలామందికి దానంతట అదే తగ్గిపోతుందని ఆ తర్వాత ఎక్కడో చదివి ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "తగ్గేదాక మనిషికి ఓపిక ఉండాలె గద. సింహం ఉంటె ఓపికగ కూసుంటడు" అంది.

ముఖం ఎర్రబడి వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె జాజు తీసేది కాదు. పాలకీడు నుంచి ఒక రైతు వచ్చాడు. కుడి చెంప, మెడ కందిపోయి, గోకి గోకి చారలు పడ్డాయి. అత్త చెంపను ఒక్కసారి చూసి, అతని భుజం మీది తువ్వాల తీసుకుని నాలుగు కొసలూ తిప్పింది.

"ఇది ఉతికి తెచ్చి ఎన్నొద్దులైంది?"

"మొన్ననే అమ్మా. కొత్త తువ్వాల."

"గీ నల్ల సుక్క సూడు. ఎవరి బట్టో తెల్వాలని చాకలోళ్లు జీడిగింజ రసంతోని పెట్టిన గుర్తు. దీని మీదనే చెంప ఆనిచ్చి పండుకున్నవు. సర్పి లేదు, గిర్పి లేదు. తువ్వాల పక్కకు పెట్టి కొబ్బరినూనె రాసుకో."

"గంత దూరం నడిచొచ్చిన. చిన్న సింహమన్న వెయ్యవా?"

"పిల్లినేస్త, పో."

మిరపకాయల తొడిమలు తీసి అదే చేత్తో ముఖం తుడుచుకున్న ఆడవాళ్లను మజ్జిగతో కడుక్కోమని పంపేది. ఎండదెబ్బ తిన్నవాళ్లను నీడన కూర్చోబెట్టేది. జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్లతో ముఖమంతా పేలినట్టున్న పిల్లవాణ్ణి తెస్తే, తట్టు అని దూరం నుంచే చెప్పి, వేరే పిల్లల్లో కలవనీయొద్దనేది. ఈ విషయాల్లో ఆమె పొరపాటు పడడం నేను చూడలేదు. పొరపాటు మా ఇంట్లోనే జరిగింది.

గాటు పడిన మూడో పొద్దున నాయనకు చలి పుట్టింది. మే నెలలో దుప్పటి అడిగాడు. ముక్కు పక్క నుంచి చెంప మీదికి రూపాయి బిళ్లంత మేర ఎర్రగా నిగనిగలాడుతోంది. వేలు పెడితే కాలుతోంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె సెగ తగిలిందని ఆయన కొట్టిపారేశాడు. ఇస్త్రీ చేసిన రోజుల్లో ఆయన ముఖం ఎర్రబడే మాట నిజమే. కానీ అది రెండు చెంపలకూ సమానంగా వచ్చి, నీళ్లతో కడుక్కుంటే గంటలో పోయేది. ఆ సెగకు చలిజ్వరం రాదు.

అత్త చూసి సర్పి అంది.

"పొక్కులేవీ?" అన్నాను.

"లేస్తయి రేపటికి."

పరాయివాళ్ల విషయంలో ఆమె ఎన్నడూ పొక్కులు చూడకుండా సాన ముట్టుకోలేదు. తమ్ముడికి వచ్చింది తన చేతిలో నయమయ్యే జబ్బే కావాలని కోరుకుంది. ఇది నా ఊహ కాదు, తర్వాత ఆమే ఒప్పుకున్న మాట.

సింహం వేసింది. ఎరుపు దాటి చెంపంతా వచ్చేలా, తల ముక్కు దగ్గర, వీపు కంటి కింద, కాళ్లు దవడ మీద, తోక చెవి వైపు. నాయన అద్దం తెప్పించుకుని చూసుకున్నాడు.

"అక్కా, దీని మీసాలు నా మీసాలకన్న బాగున్నయే."

"నవ్వకు తమ్మీ, పగుల్తది."

ఆ జాజు కింద ఏం జరుగుతోందో ఇక ఎవరికీ కనబడలేదు. ఎరుపు మీద ఎరుపు పూశాం. మర్నాటికి జ్వరం పెరిగింది, రెప్ప బరువెక్కింది. కడిగి చూద్దామన్నాను. మూడొద్దులు నీళ్లు తగలొద్దు బిడ్డా అంది అత్త. పోనీ సూర్యాపేట దవాఖానకు వెళదామన్నాను.

"నౌకరీ రాంగనే అత్త చేతి మీద నమ్మకం పోయిందా?" అన్నాడు నాయన దుప్పట్లోంచి.

నేను ఊరుకున్నాను. ఆ రోజు పోయింది. అందులో సగం తప్పు నాది. ఆమె మీద వేయను.

ఆ మరుసటి పొద్దున కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అత్త గంజి గిన్నె కింద పెట్టి, నాయన ఎదురుగా కూర్చుని, ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"గిది నేను గీసిన సింహం కాదు" అంది.

నాకు అర్థం కాలేదు. వేలితో చూపించింది. అది ఆమె ఎన్నో ఏళ్లుగా గీస్తున్న బొమ్మ. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఎడం ఎంతుండాలో ఆమె చేతికి తెలుసు. ఇప్పుడు ఆ కాళ్లు దూరం జరిగాయి. పొట్ట లావైంది, జాజు నెర్రెలు బారింది. కింద చర్మం ఉబ్బి బొమ్మను సాగదీసింది. తోక కొస దాటి, జాజు లేని చోట, చెవి ముందు దాకా కొత్త ఎరుపు వచ్చింది. మాకు కనబడకుండా ఎరుపును దాచిన బొమ్మలోనే, దాన్ని గీసిన మనిషికి అది ఎంత పాకిందో కనబడింది.

"సర్పి ఒక్క దినంల గింత ఉబ్బది. నీళ్లు తే" అంది నాతో.

"మూడొద్దులు గాలేదు గదే" అన్నాడు నాయన.

"నేనే పెట్టిన, నేనే తీస్త. నువ్వు సప్పుడు చెయ్యకు."

గోరువెచ్చని నీళ్లలో పాత ధోవతి గుడ్డ ముంచి, అద్ది అద్ది కడిగింది. గిన్నెలో నీళ్లు ఎర్రబడ్డాయి. గుడ్డ తీశాక కూడా ముఖం ఎర్రగానే ఉంది. ముక్కు నుంచి చెవి దాకా, పైన రెప్ప దాకా, బత్తాయి తొక్కలా గుంటలు పడి, చుట్టూ అంచు గట్టు కట్టినట్టు లేచి ఉంది. నాయన అప్పుడు మొదటిసారి భయపడ్డాడు.

"ఈ కన్ను పోతె నేను గుడ్డ కొలిచేటందుకు గూడ పనికిరాను" అన్నాడు.

సూర్యాపేట బస్సు ఎక్కాం. దారిలో సిపాయిలు బస్సు ఆపి, నాయన ముఖం చూసి, ఏమీ అడగకుండా పోనిచ్చారు. పక్క సీటాయన మాత్రం కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

"అమ్మవారా ఏందమ్మా?"

"అమ్మవారైతె నీ పక్కన కూసోబెడుదునా? జర జరుగు, పండబెట్టాలె" అంది అత్త. అతను సీటు మొత్తం ఇచ్చేశాడు.

దవాఖానలో డాక్టరు నడివయసు మనిషి. తొందర లేకుండా చూశాడు. రెండు వేళ్లతో రెప్ప విప్పి, ఇంకో చేతి వేళ్లు చూపించి, ఎన్ని అన్నాడు.

"రెండు. ఒకదానికి గోరు తీసుకోవాలె" అన్నాడు నాయన.

"మాట్లాడుతున్నడు, మంచిదే" అని డాక్టరు, కన్ను అటూ ఇటూ తిప్పమన్నాడు. తలనొప్పి ఎంతుంది, వాంతులయ్యాయా, మత్తుగా పడుకుంటున్నాడా అని మమ్మల్ని అడిగాడు. ముక్కు పక్కన ఎండిన గాటును భూతద్దంతో చూసి, ఇక్కడి నుంచే విషం లోపలికి పోయిందన్నాడు. చర్మం తెగిన ఏ చిన్న చోటు నుంచయినా పోతుందట. ఆ తర్వాత కలం సిరాలో ముంచి, ఎరుపు అంచు వెంబడి నాయన ముఖం మీద సన్నని గీత గీశాడు.

"సాయంత్రానికి ఎరుపు గీత దాటి కంటి దిక్కు పోతె హైదరాబాదు తీసుకపోవాలె. పోకపోతె ఇక్కడనే మా పని మేం చేస్తం."

అత్త ఆ గీతనే చూస్తోంది. డాక్టరు ఆమె గోళ్ల పక్కన మిగిలిన మట్టి మరకలు గమనించినట్టున్నాడు.

"జాజు ఎవరు పెట్టిన్రు?"

"నేనే. కడిగింది గూడ నేనే."

"పెట్టినందుకు ఒక దినం పోయింది. కడిగినందుకు కన్ను మిగిలేటట్టున్నది" అన్నాడు. అంతకంటే మందలించలేదు.

సల్ఫా మాత్రలు ఇచ్చారు. అప్పటికి కొత్తగా వచ్చిన పెన్సిలిన్ సూది మూడు గంటలకోసారి వేశారు. అత్త మంచం పక్క నుంచి కదల్లేదు. సాయంత్రం అయిదింటికి చెవి దగ్గర ఎరుపు గీతను ఒక గింజంత దాటింది. కంటివైపు దాటలేదు. డాక్టరు చెవి దగ్గర రెండో గీత గీసి, పొద్దుటిదాకా చూద్దామన్నాడు. పొద్దున ఎరుపు మొదటి గీత లోపలికి తగ్గింది. ఆ మధ్యాహ్నం చలి ఆగింది. మూడో రోజున రెప్ప సన్నగా విచ్చుకుంది.

ఆరో రోజున నాయన సూదీ దారం అడిగాడు. నర్సు దగ్గర తెచ్చిచ్చాను. కిటికీ వైపు తిరిగి, దారం కొస తడి చేసి, రెండుసార్లు తప్పి మూడోసారి ఎక్కించాడు. అత్తకు చూపించాడు. ఆమె గోడవైపు తిరిగి గిన్నెలు సర్దుకుంది.

ఇంటికి పంపే ముందు డాక్టరు నాయనతో కాక ఆమెతో ఎక్కువసేపు మాట్లాడాడు. ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. కోదాడ వచ్చాక ఆమె పద్ధతి మారింది. ఎర్రబడిన ముఖంతో ఎవరొచ్చినా ముందు జ్వరం ఉందా, చలి పుట్టిందా అని అడిగేది. ఎరుపు కంటి దగ్గరికి వచ్చినా, కన్ను నొచ్చినా, చూపు మసకబారినా అది సర్పి అయినా సరే తాను ముట్టుకోకుండా దవాఖానకు పంపేది. కన్ను బాగుండి, జ్వరం లేకపోతే బొగ్గుతో ఎరుపు చుట్టూ గీత గీసి, సాయంత్రం మళ్లీ రమ్మనేది. గీత దాటితే, "నా తాన నిలబడకు, బస్సెక్కు" అనేది. పెదవులూ నాలుకా ఉబ్బి ఊపిరి ఆడకపోతే సాయంత్రం దాకా కూడా ఆగొద్దని చెప్పేది. నెలల తరబడి రెండు చెంపలూ ఎర్రగా ఉండి, కీళ్ల నొప్పులంటూ కుంటుతూ వచ్చిన ఒక పడుచును తానే వెంట పెట్టుకుని సూర్యాపేట తీసుకుపోయింది.

కొందరు సణిగారు. ఒకావిడ మా వాకిట్లోనే అంది:

"తమ్మునికి వేసినవు, మాకు వెయ్యవా?"

"వేసి సూసిన గనుకనే వెయ్య" అంది అత్త.

నడుముకూ వీపుకూ సర్పి లేచినవాళ్లకు, పొక్కులు చూసి, చేతులు వణికేదాకా ఆమె సింహం వేసింది. అది వాళ్లను ఓపికగా కూర్చోబెడుతుందని నమ్మింది. నాయన ఆ తర్వాత ఇరవై రెండేళ్లు గుడ్డలు కుట్టాడు. మీసానికి వేరే కత్తెర కొనుక్కున్నాడు.

సాన ఇంకా దొడ్లో గోడకు ఆనించి ఉంది. మా ఇంట్లో ముఖానికి జాజు పెట్టడం ఆ వేసవితో ఆగిపోయింది. ఇప్పుడు ఒంటికి కూడా ఎవరూ పెట్టరు.