ఉంగరం చప్పుడు

విజయవాడ కొట్టువాడు ఇదిగో అదిగో అంటూ తిప్పి చివరికి తెప్పించిన సీడీని నిన్న సాయంత్రం పెట్టుకున్నాను. పాత నాటక పద్యాల గ్రామఫోన్ ప్లేట్లను కంపెనీవాళ్లు శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసిన సీడీ అది. ఉన్నవి కొన్నేనని, అయిపోతే మళ్లీ వేస్తారో లేదో తెలియదని కొట్టువాడు చెప్పాడు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నిశ్శబ్దంలోంచి హార్మోనియం నేరుగా గదిలోకి వచ్చింది. ఒకప్పుడు గరగరల కింద మునిగిపోయిన మంద్ర స్వరాలు విడివిడిగా వినిపించాయి. అయినా నేను మరొక చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. అది రాలేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. అప్పుడూ రాలేదు. ఎలీషా మాస్టారు గుర్తొచ్చారు.

ఎనభైల్లో ఆయన నూజివీడులో ఒక బడిలో డ్రాయింగు మాస్టారు. సాయంత్రాలు బజారులో చిన్న రికార్డింగ్ సెంటరు నడిపేవారు. ఎవరైనా పాత ప్లేటు తెస్తే దాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. ప్లేటు చేతికి రాగానే అంచు పట్టుకుని వేలి కణుపుతో మెల్లగా తట్టేవారు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో పగులుంది. ఆ తర్వాత తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి ప్లేటు మొత్తం వినిపించేవారు. అందులో మీకు ఏది కావాలని అడిగి, అప్పుడే రికార్డింగు మొదలుపెట్టేవారు. పాట కావాలని వచ్చినవాడిని ఏది కావాలని అడగడమేమిటని చాలామంది విసుక్కునేవారు. నేను అప్పుడు మామిడికాయల వ్యాపారి వెంకటరత్నం గారి దగ్గర లారీలకెక్కే పెట్టెల లెక్క చూసేవాణ్ని. లెక్కలు ఎవరూ నేర్పలేదు, నాకు నేనే పట్టుకున్నాను. సాయంత్రం పని ముగిశాక మాస్టారి కొట్లో కూర్చుని, ప్రతి ప్లేటూ ఎంతసేపు తిరుగుతుందో వాచీలో చూస్తుండేవాణ్ని. "నీకు పాట వినపడదయ్యా, నిడివి వినపడుద్ది" అని ఆయన నవ్వేవారు.

ఒక మామిడి సీజనులో వెంకటరత్నం గారు కొత్త క్యాసెట్టు ఒకటి పట్టుకుని విసురుగా కొట్లోకి వచ్చారు. ఆయన తల్లి కనకమ్మ గారి అన్నయ్య ఒక నాటక సమాజంలో హార్మోనియం వాయించేవాడు, చిన్నవయసులోనే పోయాడు. ఆయన వాయింపు ఉన్న ప్లేటు ఒకటి వీళ్లింట్లో ఉండేది. దాని మీద పాడినవాడి పేరే ఉంటుంది, ఈయన పేరు లేదు. గ్రామఫోను పాడైపోయి ఆ ప్లేటు చాలా ఏళ్లుగా మోగలేదు. ఇప్పుడు కంపెనీవాళ్లు అవే పద్యాలను క్యాసెట్టుగా తెచ్చారని తెలిసి, వెంకటరత్నం గారు విజయవాడ నుంచి కొనుక్కొచ్చారు.

"అమ్మకి ఒక చెవి ఎప్పుడో పోయింది మాస్టారూ. రెండోది కూడా ఎన్నాళ్లో ఉండదన్నాడు డాక్టరు. పోయేలోపు మేనమామని వినిపిద్దామని తెస్తే, వీడు మా అన్నయ్య కాదంటది."

"ఎందుకు కాదన్నారో అడిగారా అండీ?"

"అడిగేదేముందండీ, వయసు."

మర్నాడు మాస్టారు టేప్ రికార్డరు పట్టుకుని వాళ్లింటికి బయల్దేరారు, వెంట నేనూ వెళ్లాను. ఆయన కనకమ్మ గారి మంచి చెవి వైపు కూర్చుని, వెంకటరత్నం గారు అడగని ప్రశ్న అడిగారు.

"మా అన్నయ్య వేలికి ఉంగరం ఉండేది మాస్టారూ" అందావిడ. "ఒక వరస వాయించి చెయ్యెత్తేటప్పుడు అది పెట్టె చెక్కకి తగిలేది. టక్కుమనేది. తీసి వాయించి చావరా అని మా నాన్న రోజూ తిట్టేవాడు. వీడు తెచ్చినదాంట్లో ఆ టక్కు ఏది?"

క్యాసెట్టు మళ్లీ విన్నాం. పద్యానికి ముందు హార్మోనియం రెండు పలుకులు పలికి ఆగిపోయింది, గొంతు అందుకుంది. మాస్టారు నా వైపు చూశారు. ప్లేటు ఒక వైపు తిరగవలసినంత సేపు ఇది తిరగలేదని చెప్పాను. ముందున్న వాయింపును కోసేశారన్నమాట. పద్యమే కదా కావలసిందని అనుకుని ఉంటారు. "మామ్మగారు చెప్పింది నిజమేనండీ. ప్లేటు ఎక్కడుంది?" అన్నారు మాస్టారు.

ప్లేటు కాయ మగ్గబెట్టే గదిలో ఉంది. పిల్లలు చేరని గదీ, తాళం ఉన్న గదీ అదొక్కటేనని చలికాలంలో అటక మీద భద్రంగా పెట్టారట. సీజను రాగానే అదే గదిలో వరిగడ్డి పరిచి కాయ పోశారు. ఆ ఆవిరికి ప్లేటు అప్పడంలా వంగిపోయింది. మాస్టారు వేలితో తడితే బొదబొదమంది. వంపుతో పాటు సన్నటి పగులు కూడా ఉంది.

ఆయన దాన్ని రెండు గాజు పలకల మధ్య పెట్టి పెరట్లో పొద్దుటి ఎండలో ఉంచారు. వెంకటరత్నం గారు నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తూ, "మామిడి తాండ్ర ఎండబెట్టినట్టుందండీ. అదేదో మధ్యాహ్నం పెడితే తొందరగా అయిపోద్దిగా?" అన్నారు.

"తొందరగా కరిగిపోద్ది కూడానండీ. మనకున్నది ఈ ఒక్కటే."

ఆ పూట ఆయన పలకల పక్కనుంచి కదల్లేదు. పై పలక బరువుకు ప్లేటు కొంచెం కొంచెంగా కిందికి ఆనింది. నీడలోకి తెచ్చి, పూర్తిగా చల్లారాక గానీ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం కొట్లో ముల్లు ఆనించగానే గరగర, దాని మీద టక్, టక్, టక్.

"ఇదిగో, మా మావయ్య ఉంగరం" అన్నారు వెంకటరత్నం గారు సంబరంగా.

మాస్టారు నన్ను చూసి, "లెక్కపెట్టవయ్యా" అన్నారు. వేలితో బల్ల మీద తడుతూ విన్నాను. తేడా లేకుండా ఒకే ఎడంతో వస్తోంది. ప్లేటు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పగులు ముల్లుకు తగులుతోంది. "సమంగా వచ్చేది ప్లేటుది. దాన్ని వదిలేసి, సమంగా రానిదాన్ని పట్టుకో. అది మనిషిది" అన్నారాయన.

కళ్లు మూసుకున్నాను. హార్మోనియం ఒక వరస పైకెక్కి నెమ్మదిగా దిగింది. అది ఆగిన చోట, పగులు చప్పుళ్ల మధ్య, చెక్కకు లోహం తగిలిన చిన్న టక్కు. ఇంకో వరస అయ్యాక మళ్లీ. అంతవరకు ఎన్నో పాటల నిడివి కొలిచాను. వాయించేవాడి చెయ్యి కదలడం నాకు మొదటిసారి వినపడింది అప్పుడే.

"ఆ టోను కాస్త తగ్గించి గరగర తీసెయ్యండి మాస్టారూ, చెవులు పోతున్నయ్యి" అన్నారు వెంకటరత్నం గారు.

"తీస్తే ఉంగరం కూడా దాంతోనే పోద్దండి" అని ఆయన ఉన్నదున్నట్టుగా రికార్డు చేశారు.

ఆ క్యాసెట్టును వాళ్లింటికి తీసుకెళ్లి పెట్టి, స్పీకరును కనకమ్మ గారి చెవికి దగ్గరగా జరిపాం. గరగరకు ఆవిడ మొహం చిట్లించలేదు. మొదటి వరస ముగిసి టక్కుమనగానే ఆవిడ చెయ్యి ఒడిలోంచి లేచింది. కొడుకు వైపు తిరిగి నవ్వుతూ అంది: "చూశావట్రా, నాన్న అంత తిట్టినా తియ్యలేదు." తర్వాత పద్యం మొదలైంది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. మళ్లీ మొదటికి తిప్పమంది.

మరుసటి సీజనుకు ఆవిడకు ఆ చెవీ పోయింది. అప్పటికి ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలని నాకు తోచలేదు. ప్లేటు తర్వాత రెండు ముక్కలైంది. మాస్టారు నాకోసం ఎక్కించి ఇచ్చిన కాపీ కూడా అరిగి, నలిగి, మూగబోయింది. మాస్టారూ లేరు.

ఇప్పుడీ సీడీలో ఆ పద్యానికి ముందున్న వాయింపు మొత్తం ఉంది. అప్పటి కంపెనీ క్యాసెట్టులో పోయినది తిరిగొచ్చింది. కానీ టక్కులన్నిటినీ మెషీను పగుళ్లనుకుని ఏరేసింది. శుభ్రం చేసినవాణ్ని తప్పుపట్టలేను. ఉంగరం సంగతి అతనికి చెప్పేవాళ్లెవరున్నారు? నేను ఇళ్ల కట్టుబడికి అంచనాలు వేసి బతుకుతున్నాను. లెక్క ఎక్కడా తేడా లేకుండా నున్నగా వస్తే, అందులో ఉండాల్సిన మనిషి ఎక్కడున్నాడని ఇప్పటికీ వెతుకుతాను. నిన్న మూడోసారి సీడీ పెట్టినప్పుడు అలమారు తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మొదటి వరస పైకెక్కి, నెమ్మదిగా దిగి, ఆగింది. తాళంచెవితో బల్ల చెక్క మీద ఒక్కసారి తట్టాను.