బొబ్బిలిలో ఆపిన బండి

మా సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను రాయపూర్ గుఢియారీ మార్కెట్లో కూరగాయలు బేరమాడుతున్నాను. సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది, ముందు కోపం వచ్చింది.

ఎవరి మీదో మీకూ చెప్తాను. సంతాప సభలో మా కాలేజీ విభాగాధిపతి లేచి, తను కట్టిన కంప్యూటర్ క్లస్టర్‌కి సార్ కూడా కొంత సాయం చేశారన్నారు. కొంత సాయమట! మూలన పడేసిన ల్యాబ్ కంప్యూటర్లను ఏరి, తుడిచి, తీగలతో కలిపి, ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి అన్నిటిచేతా ఒకేసారి చేయించింది మా సార్. ఈ పెద్దమనిషి ఆ గదిలోకి వచ్చేది ఏసీ కోసం.

సార్‌ది విజయనగరం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. అందుకే ఒక్కో కంప్యూటరుకూ రాయపూర్ నుంచి అక్కడికి వెళ్లే దారిలోని స్టేషన్ పేరు పెట్టారు. మొదటిది రాయపూర్, తర్వాత మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, బొబ్బిలి, చివర విజయనగరం. ఆ వరుసలోనే, ఒకటి పూర్తిగా లేచాక ఇంకొకటి వేసేవారు. అన్నీ ఒక్కసారే వేస్తే కరెంటు లైను తట్టుకోదు. ల్యాబులో చేరిన కొత్తలో నేను తొందరపడితే నవ్వేవారు.

"అంత జల్దీ ఏటమ్మా? మహాసముంద్ రాకుండా బండి టిట్లాగఢ్ ఎలా ఎల్తాది?"

టీ గ్లాసును గదిలోకి రానిచ్చేవారు కాదు. గడప బయటే తాగుతూ లోపలి ఫ్యాన్ల చప్పుడు వినేవారు. "రాయగడకి దగ్గొచ్చింది, సూడు" అంటే, మూత విప్పితే దుమ్ము ఉండేది.

ఆయన పోయాక వేసవిలో క్లస్టర్‌ని కొత్త గదిలోకి మార్చారు. తలుపు మీద విభాగాధిపతి పేరుతో ఫలకం. స్టేషన్ల పేర్లు పీకేసి అంకెలు అంటించారు. సార్ ఉంటే "వదిలీ అమ్మా" అనేవారు. ఆయన అలా వదిలేయబట్టే ఫలకం మీద ఈ పేరు వచ్చింది. నేను వదలదలచుకోలేదు.

ప్రారంభోత్సవానికి వచ్చే అతిథి ఒక్క స్విచ్ నొక్కితే అన్నీ వెలగాలని హుకుం. ట్రిప్ అవుతుందని ఒకసారి చెప్పాను.

"ముఝే మత్ సిఖావో" అన్నారు విభాగాధిపతి.

సరే, నేర్పలేదు. అతిథి స్విచ్ నొక్కగానే గదంతా చీకటైంది. నా లోపల మాత్రం పండగే.

"కుఛ్ కరో, జల్దీ!" ఏదో ఒకటి చెయ్యమంటూ మెడలో దండతో చెమటలు కక్కుతున్నారు విభాగాధిపతి.

వెనక ఏమీ కనపడదు, మీ ఫోన్ లైటు పట్టుకోండన్నాను. పట్టుకున్నారు. అన్నిటి వెనకున్న స్విచ్‌లూ ఆపి, మెయిన్ ఎత్తి, స్టేషన్ల పేర్లు గట్టిగా చెబుతూ ఒక్కొక్కటే వేశాను. రాయపూర్ లేచింది. మహాసముంద్ లేచింది. బొబ్బిలి దాకా వచ్చి ఆగిపోయాను.

"యే తరీకా కిస్‌కా హై?" ఈ పద్ధతి ఎవరిదని అతిథి అడిగారు.

చివరి స్విచ్ మీద వేలు పెట్టి విభాగాధిపతి ముఖంలోకి చూశాను. అతిథి కూడా అటే చూశారు. విభాగాధిపతి మెల్లగా మా సార్ పేరు చెప్పారు.

వినపడలేదన్నాను.

ఈసారి గదిలో అందరికీ వినపడేలా చెప్పారు. అప్పుడు స్విచ్ వేశాను. విజయనగరం పచ్చగా వెలిగింది.