గాలికి కబురందని వేగం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి, విమానాల ఇంజనీరింగ్‌లో పైచదువు పరీక్షకు కోచింగ్ తీసుకునేదాన్ని. నల్లగొండ పల్లెలో పెరిగిన నాకు ఇంజనీరింగ్‌లో చేరేదాకా విమానమంటే ఆకాశంలో తెల్లటి గీత, అంతే.

ఆ రోజు బంద్. క్లాసు సగంలో ఆపేశారు. బస్సులు లేవు, హాస్టల్లో మెస్ కూడా మూసేశారు. ఎల్బీ నగర్‌లోని మేనమామ ఇంటికి నడక మొదలుపెట్టాను. కోచింగ్‌లో మాకు పాఠం చెప్పే సారు ఉండే ఇల్లూ అటే. ఆయనది తెనాలి. ఇద్దరం ఖాళీ రోడ్డు మీద నడిచాం. దూరంగా తారు నీళ్లలా మెరుస్తోంది. మూసేసిన పండ్ల మార్కెట్ లోంచి బత్తాయిల వాసన తేలి వస్తోంది.

"రెక్క లెక్కలన్నీ తప్పుతున్నయి సార్. ఎందుకో సమజైతలేదు," అన్నాను.

"గాలి సాంద్రత మారదనుకుని చేస్తున్నావమ్మా. నెమ్మదిగా పోయే విమానానికైతే అది సరిపోతుంది."

అంతలో మలుపు అవతల నినాదాలు వినిపించాయి. మనుషులింకా కనబడలేదు. ఇద్దరం పక్కకు జరిగి నిలబడ్డాం.

"మనమెందుకు తప్పుకున్నాం?" అన్నారు సారు.

"చప్పుడు ఇనొచ్చింది కద సార్."

"గాలికీ అంతే. రెక్క వస్తోందన్న కబురు ధ్వని వేగంతో ముందుకు పోతుంది. గాలి సర్దుకుని దారిస్తుంది. రెక్కే ఆ వేగాన్ని అందుకుందనుకో, కబురు చేరేలోపే మీదికొస్తుంది. గాలి తప్పుకోలేక ఒత్తుకుపోయి, సాంద్రత పెరిగి గోడ కడుతుంది. రెక్క వణుకుతుంది, పైకెత్తే బలం తగ్గుతుంది. అందుకే, గాలి రెక్కకు నేరుగా తగిలే వేగం తగ్గేలా, రెక్కల్ని ఇలా వెనక్కి వాలుస్తారు."

అరచేతిని గాలిలో ఏటవాలుగా పట్టి చూపిస్తుండగా ఊరేగింపు వచ్చేసింది. అందులో ఒకాయన ఆగాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలి," అన్నారు సారు, చాచిన అరచేతిని దించి.

నేను ముందుకు జరిగాను. "మా సారే అన్నా. పాఠం చెప్తున్నరు," అన్నాను.

ఆయన సారు చేతిలో ఒక నీళ్ల ప్యాకెట్ పెట్టాడు. "గింత ఎండల పాఠమేంది సార్? జర నీడకు నడువుండ్రి."

కొత్తపేట దాటాం. సారు మెల్లగా, "రాష్ట్రమొస్తే నేనిక్కడ ఉండొచ్చంటావా?" అన్నారు.

"మీరు పోతే మాకెవరు చెప్తరు సార్?"

ఆ సాయంత్రం మామయ్య డాబా మీద, సాంద్రత మార్పును కూడా కలిపి లెక్క మళ్లీ చేశాను. జవాబు కుదిరింది. పైన గద్ద ఒకటి రెక్కలు కదపకుండా తేలుతుంటే, చీకటి పడేదాకా చూస్తూ కూర్చున్నాను.

పరీక్ష రెండోసారికి గట్టెక్కాను. రాష్ట్రం వచ్చింది. సారు కొత్తపేటలోనే ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాడు నా విస్తట్లో ఆయనే పప్పు వడ్డిస్తూ, "ఇప్పుడేం లెక్కలు చేస్తున్నావమ్మా?" అని అడిగారు.