బాపిరాజు అంకుల్‌కు తెలుగు రాదు

మా బాపిరాజు అంకుల్‌కు ఉన్నది ఒక్కటే లోపం. తెలుగు రాదు. పుట్టింది గోదావరి జిల్లల, ముప్పై ఆరేండ్లు కొలువు చేసింది పటాన్‌చెరు ఫ్యాక్టరీల. అయినా మా దిక్కు మాట చెవులవడితే చాలు, కళ్లద్దాలు నెత్తిమీదికి నూకి, "అంటే ఏవిటమ్మా ప్రియాంకా?" అంటడు.

రిటైరైనంక ఊకుండక మాతోని ఎమ్మేల చేరిండు. చెట్టు, చెరువు, గాలి గురించి సైన్సు దిక్కుకెల్లి గాక, కథలు, చరిత్ర, ఊరోళ్ల మాటల దిక్కుకెల్లి చదివే ఎమ్మే అది. మేమంత ఇరవై రెండేండ్లోళ్లం, ఆయనకు అరవై ఒకటి. ముందు బెంచీ ఆయనదే.

ఒకనాడు వానకు మెట్లు తడిసినయ్. "అంకుల్, పైలం!" అన్న.

"పైలమా? నేను తేలేదే, రేపు తెస్తాలే" అనుకుంట జర్రున జారిండు. పడ్డకాడికెల్లే అడిగిండు, "ఇంతకీ పైలం అంటే ఏవిటమ్మా?"

"జాగ్రత్త అని!"

"ముందే చెప్పొద్దూ!"

నా సంగతి వేరే. హత్నూర పిల్లను. మొదటి వారమే నేను నోరు తెరిస్తే ఎనక ఎవరో కిసుక్కుమన్నరు. ఆనాటి సంది అంకుల్‌తోని తప్ప క్లాసుల మూగనోమే. సెమినార్ చెప్పకుంటే పరీక్షకు కూసోనియ్యరు. టీసీ తీస్కొని ఇంటికి పోదామనే అనుకున్న.

సెమినార్ నాడు ముంగటికి పోయి నిలవడ్డ. "మా చెరువు... మత్తడి దుంకేది" అన్న. ఇగ చాలని కాయితం మడిచి కూసోవోయిన.

అంకుల్ దిగ్గున లేచిండు. "అయ్యయ్యో! మత్తడి ఎవరమ్మా? బతికిందా?"

క్లాసంత పక్కున నవ్వింది. ఈపాలి నన్ను చూసి గాదు. నాకు గూడ నవ్వాగలే.

"మనిషి గాదంకుల్! చెరువు నిండినంక నీళ్లు పొర్లిపోయే జాగ. అది దుంకిందంటే ఊరంత పండుగే, చేపలు ఎదురెక్కుతయ్."

"ఇప్పుడూ ఎక్కుతాయా?"

"యాడియి? కంపెనీల నీళ్లు కలిసినంక నురుగే దుంకుతుంది."

ఆయన అడుగుడు, నేను చెప్పుడు. బెల్లు కొట్టింది గూడ తెల్వలే. "దీనిమీదనే థీసిస్ రాయి" అన్నది మేడం.

నెల తర్వాత పటాన్‌చెరు బస్టాండ్ కాడ, కూరగాయల దేవమ్మ ముంగట అంకుల్ కనవడ్డడు.

"ఏందక్కా, టమాటలు గిట్ల మెత్తవడ్డయ్? జెర మంచియి ఎయ్యి, జల్దీ. అవును, మొన్నటి వానకు మీ చెరువు మత్తడి దుంకిందంట గదా?"

"అంకుల్!" అని ఒర్రిన.

ఆయన సొరకాయ చాటుకు మొహం పెట్టిండు. సొరకాయ సరిపోలే.

"తెలుగు రాదంటిరి?"

"నేనొచ్చిన కొత్తలో 'ఆయ్' అంటే డిపార్ట్‌మెంటంతా నవ్వేదమ్మా. ఏడాది నోరెత్తలేదు. పక్క మిషను మల్లన్న మాత్రం రోజూ, 'ఆయ్ అంటే ఏందన్నా, జెర చెప్పు' అనేవాడు. వాడికది ముందే తెలుసని పదేళ్లకు గానీ నాకు తెలీలేదు."

"అయితే మెట్లమీద పడ్డది గూడ నాటకమేనా?"

"లేదమ్మా, పడటం నిజమే. నడుం ఇంకా పట్టేసే ఉంది."

కోపం, ప్రేమ రెండూ ఒక్కసారే వచ్చినయ్ నాకు. చెయ్యి వట్టుకపోయి బెంచీ మీద కూసోవెట్టిన. "ఇగ మీ ఊరి గోదారి గురించి చెప్పున్రి" అన్న. ఇన్నొద్దులల్ల ఆయన్ని ఆ మాట అడిగినోళ్లు లేకుండే.

మొదలువెట్టిండు. హత్నూర బస్సు వచ్చింది, పోయింది. సగం మాటలు నాకు నిజంగనే తెల్వయ్. ఒక్కోటి అడుగుకుంట కూసున్న.