ఎదురింటి చీర కట్టుకున్న మా అత్త

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను నరసరావుపేటలో, మా స్కూలు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. చేసింది అత్త కొడుకు, మా బావ. "పొద్దున్నే కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. మంచం మీద కూర్చుని అట్టాగే ఒరిగిపోయింది," అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. అటువైపు ఎవరో ఏడుస్తున్న చప్పుడు వింటూనే నేను చేతిలో ఉన్న పేపరు పూర్తిగా దిద్దేశాను. ఎందుకు దిద్దానో తెలియదు. చేతులు ఆగలేదు.

ఆ రోజు నుంచీ నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని కూడా మధ్యలో లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొస్తున్నాను. కాబట్టి ఇది వరసగా లేకపోతే మీరు మన్నించాలి.

అత్తది రొంపిచెర్ల దాటాక లోపలికి ఉండే ఊరు. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. సేద్యం బావ చూసుకునేవాడు. అత్త ఊరంతా చూసుకునేది. ఈ మాట బావ వెటకారంగా అనేవాడు కానీ అందులో అబద్ధం లేదు. రోడ్డు మీద బండి పోతుంటే ఆమె చూసేది బండిని కాదు, దాని స్టాండుని. "స్టాండు తియ్ నాయనా!" అని అరిచే అరుపుకి పక్కనున్న మేము ఉలిక్కిపడేవాళ్ళం. వెనక కూర్చున్న ఆడపిల్ల చున్నీ చక్రం వైపు వేలాడుతుంటే ఇక పరుగే. బస్సులో నిద్రపోతున్న వాళ్ళని ఎక్కడ దిగాలో ముందే అడిగి పెట్టుకునేది, వాళ్ళ ఊరు రాగానే భుజం తట్టి లేపేది. ఒక్కోసారి ఇంకా రాకముందే లేపి తిట్లు తినేది. ఒక కాలేజీ అమ్మాయి సంచి జిప్పు ఊడి ఉందని అత్త వెనక నుంచి వెయ్యబోతే, "ఏం చేస్తున్నారండీ?" అని ఆ పిల్ల గట్టిగా అరిచింది. బస్సంతా మావైపు తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నీకెందుకత్తా ఇవన్నీ?" అన్నాను బస్సు దిగాక.

"కనపడిందే. చూశాక చూడనట్టు ఎట్టా ఉంటారే?"

ఒకసారి సత్తెనపల్లిలో పెళ్ళికి వెళుతున్నాం. దారిలో ఒకామె చంటిబిడ్డనెత్తుకుని, రెండు సంచులతో దిగుతోంది. అత్త ఒక సంచి అందుకుని కిందికి దిగింది. ఆమెని రోడ్డు దాటించి, సంచి అరుగు మీద పెట్టి తిరిగి చూసేసరికి బస్సు కదిలిపోయింది. నేను కేకలు వేసి ఆపించి దిగిపోయాను. ఎండలో తర్వాతి బస్సు కోసం నిలబడి నేను సణుగుతూనే ఉన్నాను. "ఆమె నిన్ను అడిగిందా?" అన్నాను. అత్త కొంగుతో మొహం తుడుచుకుంటూ, "అడగటం చానా కష్టమే అమ్మాయ్. నీకింకా ఆ అవసరం పళ్ళా. ఎవురిచేతా అడిగించుకోమాక," అంది. పెళ్ళికి భోజనాల వేళకి చేరాం.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. అత్త పోయాక నన్ను కూర్చోనివ్వనిది ఇదే.

కిందటి ఎన్నికల ఫలితాలు వచ్చినప్పుడు నేను అత్త దగ్గరే ఉన్నాను. స్కూలుకి వేసవి సెలవులు. అత్తకి కంట్లో శుక్లాలు తీశారు, పూటపూటకీ చుక్కలు వెయ్యడానికి మనిషి కావాలి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాలి, తల వంచకూడదు, దుమ్ములోకి పోకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

మా బావ వాళ్ళ పక్షం గెలిచింది. ఎదురింటాయన ఓడిన పక్షంలో గట్టి మనిషి. రెండు ఇళ్ళ మధ్య ఉన్నది ఒక బండి పట్టేంత సందు. అంతకుముందు ఆ సందుకి అటూ ఇటూ కూరగిన్నెలు తిరిగేవి. ఈ ఎన్నికలతో మాటలు ఆగిపోయాయి. ఫలితాలు వచ్చిన సాయంత్రం వాళ్ళ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఎవరు వేశారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. తెల్లారేసరికి ఎదురింటాయన ఊళ్ళో లేడు. ఆయన భార్య పిల్లల్ని తీసుకుని మాచర్ల వైపు ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. వాళ్ళ బంధువుల ఇళ్ళకి కూడా తాళాలే. ఆ కంగారులో పాడిగేదె, దాని దూడ కొట్టంలోనే ఉండిపోయాయి.

గేదె అరవడం మొదలుపెట్టింది. పొదుగు నిండి, నీళ్ళు లేక అది అరుస్తుంటే సందులోని ప్రతి ఇంట్లోనూ వినపడుతోంది. ప్రతి ఇంట్లోనూ టీవీ శబ్దం పెంచుకున్నారు. అత్త మంచం మీద పడుకుంటుంది, లేస్తుంది, వసారాలో తిరుగుతుంది. చుక్కలు వేద్దామని నేను సీసా పట్టుకుని వెంట తిరుగుతున్నాను.

"ఒక్క నిమిషం కూర్చో అత్తా."

"అది అరుస్తంటే ఎట్టా కూర్చునేదే?"

చివరికి చెంబు తీసుకుని బయల్దేరింది. "డాక్టరు వంగొద్దన్నాడు! బావ ఊరుకోడు!" అంటూనే నేను వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. అత్త ఒక్కతే గడియ తీసుకుని లోపలికి పోయింది.

ముందు బకెట్లతో నీళ్ళు పెట్టింది. తొట్టి మొత్తం తాగేసి ఇంకా కావాలన్నట్టు చూసింది గేదె. తర్వాత పొదుగు మీద చెయ్యి వెయ్యబోతే ఒక్క తన్ను తన్నింది. చెంబు ఎగిరి గోడకి తగిలింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. దూడని విప్పినా చేపలేదు. కొత్త మనిషికి పాలు వదలదు గేదె. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూసింది. పెరట్లో దండెం మీద ఎదురింటామె బట్టలు అలాగే ఆరేసి ఉన్నాయి. వాటి పక్కనే, కొట్టం గుంజకి, ఆమె పాలు తీసేటప్పుడు కట్టుకునే పాత ఆకుపచ్చ చీర వేలాడుతోంది. పేడా పాలూ కలిసిన వాసన గేటు దాకా వస్తోంది దాని మీంచి. అత్త ఆ చీర తీసి తన చీర మీదనే చుట్టుకుంది. మళ్ళీ వెళ్ళి పక్కన కూర్చుంది. గేదె మూతి తిప్పి ఆ చీరని వాసన చూసింది. ఊపిరి వదిలింది.

"చేపిందే!" అని లోపల్నుంచి అత్త వేసిన కేక నాకు ఇప్పటికీ వినపడుతోంది.

ఆ చెంబుతో, ఆ చీరతో, ఆ నల్ల కళ్ళద్దాలతో ఆమె సందులోకి వచ్చేసరికి బావ బండి దిగుతున్నాడు. వెనక అతని మనుషులు. ముందు ఒకరిద్దరు నవ్వారు. ఏ గేటులోంచి వచ్చిందో చూశాక నవ్వులు ఆగిపోయాయి.

"ఏందే అమ్మా ఇది? ఆ చీర ఎవరిది?"

"దాని పాలు తీసే మనిషిది. నా వాసనకి చేపట్లా మరి."

"మనోళ్ళందరూ చూస్తన్నారే."

"చూడనీ. చూసినోళ్ళల్లో ఒకడన్నా మోపు గడ్డి తెచ్చి పడెయ్యమను."

బావ మొహం ఎర్రబడింది. "మనం ఓడిపోయుంటే వాళ్ళు మన గేదెకి నీళ్ళు పెట్టేవోళ్ళా?"

అత్త చెంబు ఇంకో చేతిలోకి మార్చుకుంది. "పెట్టేవోళ్ళు కాదేమోరా," అంది. "గొడ్డుకి ఓటుందా ఏంది? పక్కకి జరుగు, పాలు తొణుకుతన్నయ్."

ఆ తర్వాత బావ చాలా రోజులు ఇంట్లో అన్నం తినలేదు. పార్టీ వాళ్ళు అతన్ని అనే మాటలు అతను పడుతున్నాడు, అదీ నాకు తెలుసు. ఒక పెద్దమనిషి వచ్చి అరుగు మీద కూర్చుని, "అక్కయ్యా, మానుకో, ఊరు మంచిగా లేదు," అని చెప్పి వెళ్ళాడు. అత్త ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపింది. పూటపూటకీ వెళ్ళడం మానలేదు.

"భయం లేదా నీకు?" అని అడిగాను, కంట్లో చుక్కలు వేస్తూ.

"ఎందుకు లేదు? కాళ్ళు వణుకుతున్నయ్. అది అరుస్తంటే ఇంట్లో కూర్చుంటే ఇంకా వణుకుతున్నయ్."

ఆ కన్ను బాగుపడలేదు. ఎర్రబడి, నీరు కారి, మళ్ళీ నరసరావుపేటకి తీసుకొస్తే డాక్టరు మా ఇద్దర్నీ తిట్టాడు. కొట్టంలో దుమ్మే కారణమా, ఇంకేమన్నానా అన్నది ఆయన తేల్చి చెప్పలేదు. చూపు మసకగానే ఉండిపోయింది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు. అత్తని అడిగితే, "ఇంకోటుందిగా," అనేది.

దూడకి వదలగా మిగిలిన పాలని ఆమె మా ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తోడేసి, చిలికి, నెయ్యి కాచింది. దసరా వెళ్ళాక ఎదురింటి వాళ్ళు తిరిగొచ్చారు. ఆ ఆదివారం నేనూ అత్త దగ్గరే ఉన్నాను. అత్త నెయ్యి సీసా, ఉతికి మడతపెట్టిన ఆకుపచ్చ చీర తీసుకుని వెళ్ళింది. ఎదురింటామె గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "రాళ్ళేసింది మీరే, నెయ్యి తెచ్చిందీ మీరే," అంది. సీసా పుచ్చుకుంది. తలుపు వేసుకుంది.

నేను ఉడికిపోయాను. అత్త మాత్రం, "దాని మాటలో తప్పేముందే?" అంది. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం అన్నం సగంలో వదిలేసి లేచింది. తర్వాత కూడా ఆ రెండిళ్ళ మధ్యా మాటలు కలవలేదు. గేదె ఒక్కటే, సందులో అత్త గొంతు వినపడితే చాలు అరిచేది. ఆ అరుపు విని ఎదురింటామె మొహం ముడుచుకునేది.

మంచి చేస్తే మంచి జరుగుతుందని పిల్లలకి క్లాసులో చెబుతుంటాను. అత్త అలా ఎప్పుడూ అనలేదు. ఏమీ జరక్కపోయినా ఆమె పొద్దున్నే లేచి మళ్ళీ వీధిలోకి చూసేది. ఇప్పుడు నాకు పట్టుకున్నది అదే. ఆమె పోయాక నాకూ కనపడుతున్నాయి: బస్సులో సీటు దొరక్క కాళ్ళ మీద బరువు మార్చుకుంటూ నిలబడ్డ ముసలాయన, ఆసుపత్రి చీటీ పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియని మనిషి. కనపడ్డాక కూర్చోవడం కష్టంగా ఉంది.

అత్తని తీసుకెళ్ళేటప్పుడు ఎదురింటామె వచ్చింది. గోడవారగా కూర్చుంది. ఆమె భర్త రాలేదు.

పోయిన కొద్దిరోజులకి చేసే చిన్నదినం అయిన మర్నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చావింట్లో ఉండి వాటి సంగతే మర్చిపోయాం. బావ బండి తీశాడు, నేను వెనక ఎక్కాను. గాలికి కళ్ళు తెరవలేకపోతున్నాం.

మేము వెళ్ళేసరికి మా కాయల మీద ఎవరో నీలం టార్పాలిన్ పట్టా లాగుతున్నారు. ఎదురింటాయన. అవతల వాళ్ళ కళ్ళంలో ఆయన భార్య తమ కాయల మీద కప్పిన పట్టాకి రాళ్ళు పెడుతోంది. బావ బండి దిగి అక్కడే నిలబడిపోయాడు. ఆయన తలెత్తలేదు.

"ఆ కొస పట్టుకో, ఎగిరిపోతంది," అన్నాడు.

బావ పరిగెత్తి పట్టుకున్నాడు. గాలి పట్టా కిందికి దూరి ఒక్కసారిగా దాన్ని మనిషెత్తు లేపింది. మిరప ఘాటు అందరి గొంతుల్లోకీ వెళ్ళింది. నేను ఇటుక కోసం వెతుకుతున్నాను. చెరో కొసా పట్టుకుని వాళ్ళిద్దరూ దగ్గుతున్నారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. మధ్యలో ఆ నీలం పట్టా పైకి లేస్తోంది, అణుగుతోంది, మళ్ళీ లేస్తోంది. దాని మీద మొదటి చినుకులు టపటపా పడుతున్నాయి.