నెత్తళ్ల పెట్టె

2022లో నేను నౌపడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వృత్తి విద్య టీచరుగా చేరాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఫుడ్ ప్రాసెసింగ్ చెప్పడం నా పని. అంటే పండినదీ పట్టినదీ పాడవకుండా నిలవ చెయ్యడం. దానికి కావలసిన పరికరాన్ని కూడా పిల్లలే గీసి, కొలతలు వేసి, చేతనైతే తయారు చెయ్యాలి. వంటగదికీ వడ్రంగి పనికీ మధ్య ఉండే చదువని తల్లిదండ్రులకు చెప్పేదాన్ని.

మాది విజయనగరం. తాతగారు గుడిలో కీర్తనలు పాడేవారు, నాన్నగారు సంగీతం మాస్టారు. చేపల బజారు ఎదురైతే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఉద్యోగం సముద్రం పక్కన వచ్చిందని తెలిసినప్పుడు, బడి వేరు, బజారు వేరు అని సర్దిచెప్పుకున్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఇక్కడి నుంచే వచ్చింది.

నూకరత్నం అప్పుడు పదో తరగతి. భావనపాడు పిల్ల. తల్లీ తండ్రీ లేరు. నాయనమ్మ గంగమ్మ నెత్తళ్లు ఎండబెట్టి, సంతలో అమ్మి పెంచుతోంది. నెత్తళ్లంటే వేలెడంత సన్న చేపలు. ఇసుక మీద పరిచి ఎండబెడతారు. చినుకు పడితే కుళ్లుతాయి, ఎండ కాస్తే ఇసుక అంటుకుంటుంది, ఈలోగా కాకులు రానే వస్తాయి.

ఒకరోజు క్లాసులో సోలార్ డ్రయ్యర్ గురించి చెప్పాను. ఎండ వేడిని పెట్టెలో పట్టి ఉంచి, కింద నుంచి గాలి లోపలికి, పై నుంచి తేమ బయటికి పోయేలా చేసే పరికరం అది. మిగతా పిల్లలు బొమ్మ గీసి ఊరుకున్నారు. రత్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, పెట్టికి నడుమెత్తు కాళ్లు పెడితే ఇసక అంటదు గదా?"

"అంటదు."

"సుట్టూ పాత వల కడితే కాకులు దూరవు గదా?"

"దూరవు. ఎవరికోసం ఇదంతా?"

"మా నాయనమ్మకి సూపించాలి మేడమ్. ఈ సదువు మన సేపకి ఏటైనా పనికొస్తాదేటే అని రోజూ అడుగుతాది. పనికిరాకపోతే పదయ్యాక రొయ్యల కంపెనీకి పంపేస్తాదట."

"చేసుకురా. బాగుంటే జిల్లా ప్రదర్శనకు నీ పేరే పంపిస్తాను," అన్నాను.

రెండు నెలలు పట్టింది. సరుగుడు కర్రల కాళ్లు, ఎవరో పారేసిన కిటికీ అద్దం, లోపల నల్ల పట్టా, చుట్టూ చిరిగిన వల. అద్దం ఎంత ఏటవాలుగా ఉండాలో కోణమానిని పెట్టి చూసి, ప్రతి కొలతా రికార్డులో రాసుకుంది. జనవరిలో ఒక పొద్దున ఆ పెట్టెను ఆటోలో బడికి తెచ్చింది. లోపల రెండు జల్లెళ్ల నిండా నౌపడ ఉప్పు పట్టించిన నెత్తళ్లు.

ఆటో గేటు దాటేసరికే నాకు కడుపులో తిప్పింది. పిల్లలంతా చుట్టూ మూగారు. అందరి ముందూ వాంతి చేసుకుంటానేమోనని భయం, నవ్వులపాలవుతానని సిగ్గు. "నాకు ఆ వాసన పడదు, కాస్త అవతల పెట్టమ్మా" అంటే సరిపోయేది. నా నోట వేరే మాట వచ్చింది.

"చేపలు మన సిలబస్‌లో లేవు. తీసేసి టమాటా ఒరుగులు పెట్టు."

"టమాటాలు మా ఊల్లో ఎవులు ఎండబెడతారు మేడమ్?"

పిల్లలు గొల్లున నవ్వారు. నాకు రోషం వచ్చింది. "ఎదురు చెప్పకు. పుస్తకంలో లేనివి ప్రదర్శనకు పంపరు," అన్నాను.

ఆ పిల్ల అదే ఆటోలో పెట్టెను వెనక్కి తీసుకుపోయింది. ప్రదర్శనకు నేను ఇంకొకరి జామ్ పంపాను. ప్రాక్టికల్ పరీక్షలో రత్నం బడి ట్రేలో టమాటాలే ఎండబెట్టింది. మంచి మార్కులు వేసి, చెల్లుకు చెల్లు అనుకున్నాను.

ఆ ఏడు పిల్లలకు పుస్తకాలు అందలేదు, నా ప్రతి చూసే పాఠాలు చెప్పాను. జూన్‌లో కొత్త పాఠాలకని ఆ పుస్తకం తిరగేస్తుంటే ఆరో యూనిట్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. చేపలు ఎండబెట్టే పద్ధతులు. పక్కనే కాళ్లున్న పెట్టె బొమ్మ. పైన పెన్సిల్‌తో "సొంతంగా చదువుకోవాలి" అని నా చేతి రాతే ఉంది. చేరిన కొత్తలో చేపలన్న మాట చూసి ఆ పాఠం నేనే దాటేశాను, దాటేసిన సంగతే మరిచిపోయాను. రత్నం ఇంటర్‌లో చేరలేదని అప్పటికే పిల్లలు చెప్పారు.

ఆదివారం పుస్తకం పట్టుకుని భావనపాడు వెళ్లాను. గంగమ్మ ఇసుకలో నెత్తళ్లు తిరగేస్తోంది. పెట్టె గోడవారగా ఉంది, అందులో కోడి పొదుగుతోంది.

"రత్నం ఏదమ్మా?"

"కంపెనీకెల్లినాదమ్మా. ఆదోరం కూడా పనే. రోజంతా ఐసులో సేతులు, ఏళ్లు తెల్లగా నానిపోతన్నాయి." కుర్చీ తెచ్చి, వేసి, మళ్లీ జరిపింది. "మీకు సేపల వాసన పడదట గదమ్మా, రత్నం సెప్పినాది. గాలి ఇటేస్తాది, మీరు అటు కూకోండి."

అంటే ఆ పిల్లకు ఆ రోజే తెలుసు. నేను సిగ్గుతో దాచుకున్నది నా మొహంలోనే చదివింది, బడిలో ఎవరి ముందూ అనలేదు.

"మళ్లీ చదువుతుందేమో అడగండమ్మా," అన్నాను.

"అడిగినానమ్మా. మన సేపలు పుస్తకంలో నేవంట నాయనమ్మా, మరి నానెందుకు సదవాల, అన్నాది."

పుస్తకం తెరిచి ఆరో యూనిట్ చూపించాను. గంగమ్మకు చదవడం రాదు. తడి చెయ్యి చీరకు తుడుచుకుని బొమ్మ మీద పెట్టింది.

"ఇది మా రత్నం పెట్టి గదమ్మా! పుస్తకంలో ఏసినారేటి? దానికి సెప్పనేదేటమ్మా?"

అక్కడే ఏడ్చేశాను. ఆవిడ తన పిల్ల పెట్టె అచ్చయిందన్న సంతోషంలో ఉంది, నేనెందుకు ఏడుస్తున్నానో ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. నెత్తళ్లు తిరగేస్తూ, "పుస్తకం ఇక్కడొగ్గీయండమ్మా, అదొచ్చాక సూస్తాది," అంది. పేజీ మడిచి, నా నంబరు రాసి ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు ఏటా ఆరో యూనిట్‌తోనే మొదలుపెడతాను. పిల్లలు నెత్తళ్లు తెస్తారు. నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. "నాకు వాసన పడదర్రా, కిటికీ దగ్గర నిలబడతాను, మీరు కానివ్వండి," అని చెప్పేస్తాను. వాళ్లు నవ్వుతారు, పని సాగుతుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ రోజు జారిన మాటను నేను ఇంకా తీసుకోలేకపోయాను. రత్నం ఫోన్ చెయ్యలేదు.