ఖాలా ఫ్రిజ్‌లో నా ద్రాక్ష గింజలు

మా చిన్నప్పుడు... ద్రాక్షపండ్లు ఇంట్లోకి వచ్చాయంటే ఎవరో ఒకరు మంచం పట్టినట్టే! దవాఖానలో ఉన్నవాళ్లను చూడటానికి పోయేవాళ్లే కాగితం సంచిలో పావుకిలో ద్రాక్ష పట్టుకెళ్లేవాళ్లు. ఒళ్లు బాగున్నవాళ్లకు ద్రాక్షలు కొనిపెట్టే అలవాటు మా కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఎవరికీ ఉండేది కాదు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా నాయినమ్మకు టైఫాయిడ్ వచ్చింది. పది రోజులు దవాఖానలోనే. వచ్చిన ప్రతి చుట్టం చేతిలో ద్రాక్షలే... నాయినమ్మ ఒక్కొక్కటే తిని గింజలు నా అరచేతిలో ఉమ్మేది. అవును, చేతిలోనే! అప్పుడు మాకు అసహ్యాలూ అవీ తెలియవు.

"జరమొస్తె తప్ప గివి తినే రాత లేదు బిడ్డా మనకు" అంది ఒకరోజు నవ్వుతూ.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. గుప్పిట్లో గింజలు అలాగే పట్టుకొని అనేశాను... "నేను చెట్టు పెడ్త నాయినమ్మా! నువ్వు మంచిగున్నప్పుడే తింటవు, సూడు!"

అనడమైతే అనేశాను గానీ...

పాత నూనె డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మట్టి నింపి, గింజలు పాతి వెనక గచ్చు మీద పెట్టాను. బడి నుంచి రాగానే వేలితో మట్టి కెలికి చూడటమే పని. నెల గడిచినా ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. అలా కెలికితే ఏం మొలుస్తాయని అమ్మ తిట్లు వేరే.

పిన్నీ అన్నట్టు మేమంతా ఖాలా అని పిలిచే పక్క క్వార్టర్ జుబేదా గోడ మీది నుంచి చూసి పకపకా నవ్వింది. ఆమె పుట్టింది హైదరాబాద్ అవతల ద్రాక్షతోటలున్న ఊళ్లో. వాళ్ల నాన్న అక్కడే ఒక తోటలో పనిచేసేవాడట.

"గట్ల మొలుస్తదా బేటీ? ముందుగాల గింజకు చలి తగలాలె. ఇంకేమన్న ఉన్నయా?"

ఉన్నాయి! కంపాస్ పెట్టెలో ఓ ఇరవై దాచుకున్నాను. ఖాలా వాటిని నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. మా లైన్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఫ్రిజ్జే. రెండు నెలలు ఆగాలంది... నేను ఆగితేగా! రోజూ సాయంత్రం ఆమె గుమ్మంలో ప్రత్యక్షం. "ఖాలా, జర ఫ్రిజ్ తియ్యవా?"

"రోజు తీస్తె సల్లదనమంత పోతాంది, నడువ్!" అని కసిరేది. కసిరి మళ్లీ తానే తీసి చూపించేది.

ఆ తర్వాత డబ్బాలో పెడితే మూడు వారాలకు రెండు మొలకలు! నేను పెట్టిన కేకకు పాము వచ్చిందనుకొని నాన్న గడ్డానికి సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు.

ఒక మొలకను మేక మేసింది. రెండోదాన్ని గచ్చు బండ ఒకటి లేపి నేలలో నాటాం. నాన్న పందిరి వేశాడు. మూడేళ్లకు గచ్చంతా నీడ... ఆకులే ఆకులు! కాయ మాత్రం లేదు.

మాకు తెలిసినవి బీర, సొర, చిక్కుడు పాదులు. బియ్యం కడిగిన నీళ్లు పోయాలి, బూడిద చల్లాలి, కత్తి మాత్రం తగలనివ్వకూడదు. దీన్నీ అలాగే పెంచాం. నాయినమ్మయితే ఒక్క ఆకు తెంపనిచ్చేది కాదు.

నాలుగో ఏడు, సద్దుల బతుకమ్మ అయిన వారానికి ఖాలా పెద్ద కత్తెరతో వచ్చింది. "కొమ్మలు కోస్తనే కాస్తది. లేకుంటె జిందగీ అంత ఆకులే."

"పచ్చని పాదు కోస్తరా? ఎండిపోతె?" నాయినమ్మ పందిరికి అడ్డం వచ్చింది.

ఇద్దరూ నా వైపు చూశారు. చెట్టు నాది కదా! కత్తెర నా చేతికొచ్చింది. భయపడుతూనే కోశాను. ఖాలా చూపించిన ప్రతిచోటా కోశాను. పందిరి మీద ఉత్త పుల్లలు మిగిలాయి. నాయినమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

పదిహేను రోజులు తిరిగేసరికి పొద్దున్నే ఆమె కేకే నన్ను నిద్రలేపింది. "ఓ పిల్లా! ఉరుకిరా! సిగురు వెట్టింది!" ఆ చిగుళ్ల వెంటే ఆవగింజలంత మొగ్గలు... మొత్తం ఏడు గుత్తులు! రోజుకు ఎన్నిసార్లు లెక్కపెట్టానో.

పెద్ద పరీక్షల ముందు పండాయి. నాయినమ్మ ఆ రోజు లక్షణంగా చేటలో బియ్యం చెరుగుతోంది. జ్వరం లేదు, దగ్గు లేదు. మొదటి పండు ఆమె నోట్లో పెట్టాను. అందరం ఆమె ముఖమే చూస్తున్నాం. ఒక కన్ను మూసుకుపోయింది... తర్వాత రెండోది.

"ఎట్లున్నయే పెద్దమ్మా?" గోడ మీది నుంచి ఖాలా.

"బెల్లమే!" అని ఆమె నోట్లోనూ ఒకటి పెట్టింది నాయినమ్మ. ఖాలా ముఖం చూడాలి! చింతకాయే నయం, అంత పులుపు! కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. మర్నాడు అమ్మ వాటితో పప్పు వండి లైనంతా పంచింది. నాయినమ్మ మాత్రం ఒక గుత్తి దాచుకొని రోజూ నాలుగు పండ్లు ఉప్పద్దుకొని తినేది. "జరం లేకుంటనే తింటాన" అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకునేది. గింజలు మాత్రం మళ్లీ నా అరచేతిలోనే...

నాన్న రిటైరయ్యాక ఆ క్వార్టర్ వదిలేశాం. తీగ అక్కడే ఉండిపోయింది.

మొన్న బండి మీద గింజల ద్రాక్ష కనిపించింది. ఎన్నాళ్లకో! కిలో కొనేశాను. ఇప్పుడు మా ఫ్రిజ్‌లో తడిగుడ్డ మూట ఉంది. కొడుకు దగ్గర హన్మకొండలో ఉంటున్న ఖాలాకు ఫోన్ చేసి చెబితే ఒకటే మాట... "రోజు తీసి సూడకు!"

మీ ఇంట్లో జబ్బు చేస్తేనే కనిపించిన పండు ఏది? చెప్పండి...

ఇప్పుడు ద్రాక్ష తినడానికి మా ఇంట్లో ఎవరికీ జ్వరం రానక్కర్లేదు. మా అమ్మాయి టీవీ చూస్తూ గిన్నెడు తినేస్తుంది, ఒక్క గింజ ఉండదు. నిన్న మాత్రం ఈ గింజల ద్రాక్ష నోట్లో పెట్టుకొని, ఉమ్మడానికి చోటు తెలియక నా ముఖం చూసింది. నేను చెయ్యి చాపాను.